మంచి పాలని కావాలని విరగ్గొట్టడం తప్పా?

బరంపురం_అమ్మాయి:
నిన్న మిఠాయిల చర్చలో ఛెనా పోడా ఎలా చేస్తానో రాశాను. పాలు విరగ్గొట్టి, నీళ్లు వడకట్టి, ఆ ముద్దలో పంచదార, కొంచెం బొంబాయి రవ్వ, యాలకుల పొడి, జీడిపప్పు వేసి మెత్తగా మెదిపి, అరటాకులో చుట్టి సన్నటి సెగ మీద కాలుస్తాను. ఒడిశాలో సాల ఆకుల్లో చుట్టి గంటల తరబడి కాలుస్తారు. పైన పంచదార ఎర్రగా మాడి పెచ్చు కడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. దాని కింద పాడి_కొడుకు గారు ఒకే మాట రాశారు: "రెండు లీటర్ల మంచి పాలు చేతులారా విరగ్గొట్టారా?" బరంపురంలో మా తెలుగువాళ్ల ఇళ్లలో ఇది అందరూ ఇష్టంగా తినే వంట. అందుకే అడుగుతున్నాను. పాలు విరగ్గొట్టి కూరో స్వీటో చేసుకోవడం తప్పా?

గోదారి_గట్టు:
తప్పేముందమ్మా. ఈ మధ్య పనీర్ కూర లేని పెళ్లి భోజనం నేను చూడలేదు.

పాడి_కొడుకు:
పెళ్లిళ్లలో పెడుతున్నంత మాత్రాన ఒప్పయిపోదండీ. నేను మాట్లాడేది వృథా గురించి. లీటరు గేదె పాలు విరగ్గొడితే చేతికొచ్చేది ఇంచుమించు 200 గ్రాముల పనీర్. ఆవు పాలైతే ఇంకా తక్కువ. మిగిలిన ముప్పావు లీటరు నీళ్లు సింకులోకి పోతాయి. పాలలో ఉండే తీపి, అంటే లాక్టోజ్, చాలా వరకు ఆ నీళ్లతోనే పోతుంది. అవే పాలు తోడు పెట్టుకుంటే చుక్క పోదు. పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి అని పెద్దవాళ్లు పాలకి ఇన్ని దారులు చూపించారు. అందులో విరగ్గొట్టడం లేదు.

డల్లాస్_వంటిల్లు:
నీళ్లు పారబొయ్యమని ఎవరన్నారు? నేను చపాతీ పిండి వాటితోనే తడుపుతాను, పప్పులో పోస్తాను. ఇటలీవాళ్లు చీజ్ తీశాక మిగిలిన నీళ్లని మళ్లీ కాచి రికోట్టా తీస్తారు, ఆ పేరుకి అర్థమే "మళ్లీ వండినది". ఇక్కడ డబ్బా రికోట్టాలో పంచదార కలిపి ఒవెన్‌లో పెట్టి, ముక్కలు కోసి చిక్కటి పాలలో వేస్తే మా ఇంట్లో రసమలై అయిపోతుంది.

పాడి_కొడుకు:
రికోట్టా లెక్క మన పనీర్‌కి కుదరదు. వాళ్లు పాలు గోరువెచ్చగా ఉండగానే రెన్నెట్ అనే ఎంజైమ్ వేసి గడ్డ కట్టిస్తారు. కేసీన్ అనే ప్రొటీన్ ఒక్కటే గడ్డవుతుంది, మిగతా ప్రొటీన్ నీళ్లలోనే ఉంటుంది, మళ్లీ కాస్తే అది పైకొస్తుంది. మనం మరిగిన పాలలో నిమ్మరసం పిండుతాం. ఆ ప్రొటీన్‌లో చాలా భాగం అప్పుడే పనీర్‌లోకి వచ్చేస్తుంది. ఇక ఆ నీళ్లు ఎంత కాచినా పెద్దగా ఏమీ రాదు.

డల్లాస్_వంటిల్లు:
ప్రొటీన్ పనీర్‌లోకే వచ్చిందని మీరే చెప్పారు. ఇంక వృథా ఎక్కడ?

పాడి_కొడుకు:
తీపి పోయింది కదా! మొదటి నుంచీ అదే చెప్తున్నాను.

సీతాఫలం:
ఇద్దరూ ఆ నీళ్ల దగ్గరే ఆగిపోయారు. ఆవిడ అడిగింది వేరు.

అమ్మమ్మ_మనవరాలు:
విరగ్గొట్టడం మన వంటలో లేదన్న మాట ఒప్పుకోను. మా ఇంట్లో పాలు విరిగితే అమ్మమ్మ బెల్లం వేసి దగ్గరగా ఉడికించి పిల్లలకి పెట్టేది. కారంగా కావాలంటే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసి కోడిగుడ్డు పొరటులా చేసేది. సరే, అవి వాటంతట అవే విరిగిన పాలు అంటారు. మరి కలాకంద్? మరుగుతున్న పాలలో చిటికెడు పటిక వేస్తే పలుకులు కడతాయి, అప్పుడు పంచదార వేసి ఇగరబెడతారు. రవ్వరవ్వగా తగిలేది విరిగిన పాలే కదండీ. అది కావాలని విరగ్గొట్టడం కాదా?

పాడి_కొడుకు:
కలాకంద్‌లో నీళ్లు వడకట్టరు. అన్నీ అందులోనే ఇగురుతాయి. మీరు చెప్పింది నా మాటకే సాక్ష్యం.

గోదారి_గట్టు:
నాదొక బాధ. షాపులో కొన్న పనీర్‌తో రసగుల్లా చేస్తే రబ్బరు బంతులయ్యాయి. అరకిలో పంచదార పాకం పోయింది. ఎందుకలా?

పాడి_కొడుకు:
చూశారా, అదీ వృథానే. ఇంకో మాట కూడా అనేస్తాను. విరిగిన పాలు దేవుడికి పెట్టరు. పాయసం పెడతాం, పెరుగన్నం పెడతాం, ఇది పెట్టం. దేవుడికి పనికిరానిది మన వంట ఎలా అవుతుంది?

బరంపురం_అమ్మాయి:
ఇదే మాట 11 ఏళ్లుగా వింటున్నాను. పెళ్లయి తెనాలి వైపు వచ్చాక మొదటి దసరాకి ఎంతో ఆశగా ఛెనా పోడా చేశాను. "విరిగిన పాల వంట పూజ గది గడప దాటకూడదు" అని మా అత్తగారు పళ్లెం వెనక్కి ఇచ్చేశారు. ఇప్పటికీ నేను చేసినవన్నీ తింటారు, అది తప్ప. మా అమ్మ నేర్పిన వంట అది.

పూరీలో రథయాత్ర ముగిసి గుడిలోకి తిరిగొచ్చే రోజుని నీలాద్రి బిజే అంటారు. తనని తీసుకెళ్లలేదని అలిగిన లక్ష్మీదేవికి ఆ రోజు జగన్నాథుడు రసగుల్లా ఇస్తాడు. అది విరిగిన పాలతో చేసిందే. ఆ మిఠాయి మాదంటే మాదని బెంగాల్, ఒడిశా పోట్లాడుకుని 2017లో ఒకరు, 2019లో ఒకరు ఎవరి రసగుల్లాకి వాళ్లు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) తెచ్చుకున్నారు. అంత గౌరవం ఉన్న వంట మీ మాటతో అపవిత్రమైపోతుందా? మీరు లాక్టోజ్ గురించి ఎంత రాసినా ఓపిగ్గా చదివాను. అసలు మాట ఇప్పుడు బయటికొచ్చింది. మాది మన వంట కాదు, అంతేగా?

సీతాఫలం:
అక్కా, బాధపడకండి. అన్నా, ఆ మాట వెనక్కి తీసుకోండి.

పాడి_కొడుకు:
దేవుడి మాట వెనక్కి తీసుకుంటున్నాను. పూరీ సంగతి నాకు తెలియదు. మీ అత్తగారు పళ్లెం వెనక్కి ఇవ్వడం తప్పు. అదే మాట నేనూ అన్నానని రాసేటప్పుడు తట్టలేదు, క్షమించండి.

కానీ నా మాటా వినండి. మాకు మూడు గేదెలుండేవి. అమ్మ నాలుగింటికి లేచి పాలు తీస్తే, నేను సైకిల్ మీద క్యాన్ పట్టుకుని పాల కేంద్రానికి వెళ్లేవాణ్ణి. ఎండాకాలంలో అక్కడ కొంచెం పాలు కాచి చూసేవాళ్లు. విరిగితే క్యాన్ మొత్తం వెనక్కే, ఆ పూట డబ్బు లేదు. ఒకసారి వరసగా మూడు రోజులు అలా జరిగింది. అమ్మ ఏమీ అనలేదు, క్యాన్ కడిగి బోర్లించి పొయ్యి దగ్గర కూర్చుండిపోయింది. ఆ నెల మా చెల్లి ఫీజు కట్టలేకపోయాం. అందుకే పాలలో నిమ్మకాయ పిండడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీరు చేసుకోండి. నేను మాత్రం చెయ్యలేను.

డల్లాస్_వంటిల్లు:
ఇది మొదటే రాసి ఉంటే నేను రికోట్టాతో వాదించేదాన్ని కాదు.

బరంపురం_అమ్మాయి:
పాడి_కొడుకు గారూ, మీ అమ్మగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చెయ్యకండి.

గోదారి_గట్టు గారూ, మీ ప్రశ్న మధ్యలో ఉండిపోయింది. కూరకి గేదె పాలు మంచివి. గుడ్డలో కట్టి గంటసేపు బరువు కింద పెడితే గట్టిపడి ముక్కలు విడవవు. రసగుల్లాకి ఆ గట్టి పనీర్ పనికిరాదు, మీవి అందుకే రబ్బరయ్యాయి. ఆవు పాలు కాచి దించి, రెండు నిమిషాలు ఆగి, లీటరుకి రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం అంతే నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా పొయ్యండి. నీళ్లు తేటగా, లేత పచ్చగా విడిపోగానే ఆపెయ్యండి. పులుపు పోయేలా ముద్దని చన్నీళ్లతో కడిగి అరగంట వేలాడదియ్యండి. బరువు పెట్టొద్దు. కాస్త తడి ఉండగానే అరచేతిలో మణికట్టు వైపు భాగంతో నున్నగా మెదపండి. చేతికి కొంచెం నెయ్యి జిడ్డు తగిలితే ఆపెయ్యాలి. పాకం పల్చగా, బాగా మరుగుతూ ఉండాలి. వడకట్టిన నీళ్లు ఉంచండి, రాత్రికి చపాతీ పిండిలోకి.