యూకేలో బైక్ థియరీ టెస్ట్: కొత్తగా వచ్చినవాళ్లు ఎలా సిద్ధం కావాలి?

లెస్టర్ నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. ఈ ఏడాదే గుంటూరు నుంచి ఉద్యోగం మీద వచ్చాను. ఆఫీసుకు రెండు బస్సులు మారాలి, అందుకే బైక్ కొందామనుకుంటున్నాను. ఊళ్లో ఇంటర్ రోజుల నుంచీ బండి నడుపుతున్నాను, ఇండియా లైసెన్స్ కూడా ఉంది. ఇక్కడ థియరీ టెస్ట్ రాయాలంటున్నారు. ఏం చదవాలి? తెలుగులో ఉంటుందా? సీబీటీ (తప్పనిసరి ప్రాథమిక బైక్ శిక్షణ) ముందు చేయాలా, ఇది ముందు రాయాలా? కొంచెం టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పగలరు.

బర్మింగ్‌హామ్ నుంచి జవాబు

తమ్ముడూ, ముందు లైసెన్స్ సంగతి చూద్దాం. మన ఇండియా లైసెన్స్ చెల్లుబాటులో ఉండి, అందులో బైక్ కేటగిరీ ఉంటే, ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలల వరకు దాని మీద నడపొచ్చు. ఆ తర్వాత పనికిరాదు. ఇచ్చేసి ఇక్కడి లైసెన్స్ మార్చుకుందామంటే, ఆ సౌకర్యం ఉన్న దేశాల జాబితాలో ఇండియా లేదు. అందుకని ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్స్) తీసుకుని, సీబీటీ చేసి, థియరీ పాసై, ఆపైన మాడ్యూల్ 1, మాడ్యూల్ 2 అనే రెండు ప్రాక్టికల్ టెస్టులు దాటాలి. 12 నెలలు గడిచాక మొదలుపెడదాంలే అనుకోవద్దు. టెస్ట్ తేదీలు మనం అడిగినప్పుడు దొరకవు.

సీబీటీ, థియరీల్లో ఏది ముందైనా ఫర్వాలేదు. కాకపోతే థియరీ ముందు చదివితే సీబీటీ రోజున ఇన్‌స్ట్రక్టర్ మాటలు చెవికెక్కుతాయి. సీబీటీ, థియరీ సర్టిఫికెట్ రెండూ రెండేళ్లే చెల్లుతాయి. ఆ లోపు ప్రాక్టికల్ ముగించాలి. సీబీటీ మీద ఎల్ ప్లేట్లతో 125 సీసీ వరకే నడపాలి. వెనక ఎవరినీ కూర్చోబెట్టుకోకూడదు, మోటర్‌వే ఎక్కకూడదు.

పరీక్షలో రెండు భాగాలుంటాయి. మొదటిది 50 ప్రశ్నలు, 57 నిమిషాలు, 43 సరిగ్గా రావాలి. రెండోది హజార్డ్ పర్సెప్షన్, అంటే రోడ్డు వీడియోలు చూస్తూ ప్రమాదం మొదలవుతున్నప్పుడు మౌస్ నొక్కడం. 75కి 44 రావాలి. రెండూ ఒకే రోజు పాసవ్వాలి, ఒకటి పోతే రెండూ మళ్లీ రాయాల్సిందే. తెలుగులో లేదు. 2014కు ముందు కొన్ని భారతీయ భాషల్లో వాయిస్ వినిపించేవారు, అది తీసేశారు. ఇప్పుడు ఇంగ్లీషు, వెల్ష్ మాత్రమే. దుబాసీని తెచ్చుకోనివ్వరు.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒక్కటే: నీకు బండి బాగా వచ్చు కాబట్టే ఈ పరీక్షకు ఎక్కువ చదవాలి. మన రోడ్ల మీద ప్రాణాలు కాపాడిన అలవాట్లు ఇక్కడ తప్పు జవాబు టిక్ పెట్టిస్తాయి. హెడ్‌లైట్ ఫ్లాష్ చూడు. మన దగ్గర అది ‘నేను వస్తున్నా, ఆగు’ అనే కదా. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ ప్రకారం దాని అర్థం ‘నేనిక్కడ ఉన్నాను’ అని చెప్పడం వరకే. ఎదుటివాడు ఫ్లాష్ కొట్టాడని దారి ఇచ్చాడనుకోకూడదు, నువ్వు కొట్టి దారి అడగకూడదు. హారన్ కూడా అంతే: బండి ఆగి ఉన్నప్పుడు కొట్టకూడదు, ఇళ్లున్న చోట రాత్రి 11.30 నుంచి ఉదయం 7 వరకు కొట్టకూడదు. పక్క రోడ్డులోకి తిరుగుతున్నప్పుడు ఆ రోడ్డు దాటడానికి ఎవరైనా నిలబడి ఉంటే నువ్వే ఆగాలి. 2022లో హైవే కోడ్ మార్చినప్పుడు వచ్చిన నియమం ఇది, పాత పుస్తకాల్లో ఉండదు. రౌండబౌట్ దగ్గర కుడి నుంచి వచ్చేవాళ్లకు దారి. సిగ్నల్ దగ్గర సైకిళ్ల కోసం ముందు గీసిన గడిలోకి మనం పోకూడదు, మొదటి గీత దగ్గరే ఆగాలి.

స్టాపింగ్ డిస్టెన్స్, అంటే బండి పూర్తిగా ఆగడానికి పట్టే దూరం, ఆ లెక్కలకు చాలామంది భయపడతారు. బట్టీ పట్టొద్దు, చిట్కా ఉంది. గంటకు 20 మైళ్ల వేగాన్ని 2తో, 30ని రెండున్నరతో, 40ని 3తో, అలా అర చొప్పున పెంచుతూ 70ని నాలుగున్నరతో గుణిస్తే అడుగులు వస్తాయి. 30కి 75 అడుగులు, అంటే 23 మీటర్లు. 70కి 315 అడుగులు, 96 మీటర్లు. ఇది పొడి రోడ్డు మీద. తడిలో రెట్టింపు, మంచులో పదింతల దాకా.

బైక్‌కే సంబంధించిన ప్రశ్నలు విడిగా చదువు. టైరు ట్రెడ్ (గాడుల లోతు) కనీసం కార్లకు 1.6 మిల్లీమీటర్లు, 50 సీసీ దాటిన బైకులకు 1 మిల్లీమీటరు. కార్ యాప్‌లో చదివితే ఇక్కడే దెబ్బ తింటారు. తడిసిన మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీది తెల్లగీతలు, రాలిన ఆకులు, ఒలికిన డీజిల్, పెద్ద లారీ దాటాక పక్కనుంచి తోసే గాలి, తిరిగేముందు భుజం మీదుగా వెనక్కి చూసే లైఫ్‌సేవర్ చూపు, ఇవన్నీ అడుగుతారు. యాప్ కొనేటప్పుడు మోటర్‌సైకిల్ వెర్షనేనా అని చూసుకో.

పుస్తకాల్లో హైవే కోడ్ ముఖ్యం. ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్ డాట్ యూకేలో ఉచితంగా చదవొచ్చు. బుకింగ్ కూడా అక్కడే చెయ్యి, ఫీజు 23 పౌండ్లు. గూగుల్‌లో పైన కనిపించే కొన్ని సైట్లు అదనంగా గుంజుతాయి.

రీడింగ్ నుంచి

అన్న చెప్పినవన్నీ సరైనవే. హజార్డ్ పర్సెప్షన్ గురించి మాత్రం ఇంకొంచెం చెప్తాను తమ్ముడూ, మనవాళ్లు ఎక్కువగా తప్పేది అక్కడే.

14 వీడియోలుంటాయి. 13 వీడియోల్లో ఒక్కో ప్రమాదం, ఒకదానిలో రెండు. ఏది రెండుదో ముందు చెప్పరు. ఒక్కో దానికి గరిష్ఠంగా 5 మార్కులు, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గుతాయి. కానీ మరీ తొందరపడితే సున్నా. హైదరాబాద్ ట్రాఫిక్‌లో నడిపిన కళ్లు ప్రతిదాన్నీ ముందే అనుమానిస్తాయి. ఆపి ఉన్న కారు కనిపించగానే నొక్కేస్తాం. వాళ్ల లెక్కలో అప్పటికి ప్రమాదం మొదలవ్వలేదు. ఆ కారు ఇండికేటర్ వేసి రోడ్డు మీదికి కదలడం మొదలైతే, నువ్వు వేగం గానీ దిశ గానీ మార్చుకోవాల్సి వస్తే, అప్పుడు మొదలైనట్టు. అనుమానం వచ్చినప్పుడు ఒకసారి, అది నిజమవుతున్నప్పుడు మరోసారి నొక్కడం మంచి పద్ధతి. అదే పనిగా టకటకా నొక్కితే మోసమని ఆ వీడియోకు సున్నా ఇస్తారు. ప్రశ్నల భాగంలోలా వెనక్కి వెళ్లి మళ్లీ చూసే వీలు కూడా లేదు. కాబట్టి రోజూ ప్రశ్నలతో పాటు కొన్ని వీడియోలూ చెయ్యి. ఆఖరి వారానికి వదిలేస్తే చేతికి ఆ సమయం పట్టుబడదు.

కొవెంట్రీ నుంచి

నాకు కార్ థియరీ పాసైన సర్టిఫికెట్ ఉంది. బైక్‌కు అది చాలదా అన్నా? మా రూమ్మేట్ స్టూడెంట్, సీబీటీ చేసి ఫుడ్ డెలివరీకి వెళ్తానంటున్నాడు.

బర్మింగ్‌హామ్ నుంచి జవాబు

చాలదమ్మా. బైక్ థియరీ విడిగా రాయాలి.

మీ రూమ్మేట్‌ను ఇవాళే ఆపండి. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు. ఈ డెలివరీ యాప్‌ల పని సాధారణంగా దాని కిందికే వస్తుంది. వేరేవాళ్ల ఖాతా అద్దెకు తీసుకున్నా వీసాకే ముప్పు. పైగా మామూలు బైక్ ఇన్సూరెన్స్ డెలివరీకి వర్తించదు, దానికి వేరే పాలసీ కావాలి. ఇంట్లోవాళ్లు అప్పు చేసి పంపిన చదువు అది. గంటకు వచ్చే కొన్ని పౌండ్ల కోసం పణంగా పెట్టొద్దని నా మాటగా చెప్పండి.

లెస్టర్ తమ్ముడికి ఇంకో మాట. పరీక్ష రోజున ప్రొవిజనల్ ఫొటోకార్డు కచ్చితంగా తీసుకెళ్లు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు, వెనక్కి పంపేస్తారు, ఫీజు కూడా పోతుంది. ప్రశ్నల భాగం మొదలయ్యే ముందు సాధన చేసుకునే అవకాశం ఇస్తారు, వాడుకో. అనుమానమున్న ప్రశ్నకు ఫ్లాగ్ పెట్టి ముందుకెళ్లు, సమయం సరిపోతుంది. రెండు భాగాల మధ్య మూడు నిమిషాల విరామం ఉంటుంది. ఫలితం అక్కడే చేతికిస్తారు. పాసైతే ఆ కాగితం మీది నంబరుతో మాడ్యూల్ 1 బుక్ చేసుకో. పోతే కనీసం మూడు పనిదినాలు ఆగి మళ్లీ రాయొచ్చు. ఏ అంశంలో మార్కులు తగ్గాయో ఆ ఫలితం కాగితంలో ఉంటుంది, అది ఇక్కడ పెట్టు, కూర్చుని చూద్దాం.