బాల్కనీ రాడ్డు పైన ఎందుకుండాలో ఎవరు చెప్పాలి?

నాగావళి గట్టు (ఆమదాలవలస దగ్గర):

కింద ఇల్లు ఆరేళ్ళ క్రితం వేశాం. ఈ వేసవిలో పైన వేస్తున్నాం. ముందు వైపు నాలుగడుగుల బాల్కనీ. స్లాబు వేసిన రోజు పొద్దున ఆరింటి నుంచి నేను అక్కడే ఉన్నాను. బాల్కనీ రాడ్లు చక్కగా పైకి కట్టి ఉన్నాయి, నా కళ్ళతో చూశాను. పది దాటాక కాంక్రీటు కలిపే మిల్లరు జోరందుకుంది. గమేళాలు మోసేవాళ్ళు ఆ రాడ్ల మీదుగానే నడిచారు. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన సంగతి అందులో ఉందని నాకూ తెలియదు.

పదిహేనో రోజు స్లాబు కింద ఆసరాగా కట్టిన సెంట్రింగ్ విప్పారు. సాయంత్రానికి బాల్కనీ ముందు అంచు బొటనవేలి మందం కిందికి దిగింది. ఇంటి గోడకు బాల్కనీ కలిసే చోట, పైన, ఈ చివర నుంచి ఆ చివర దాకా చీలిక. రూపాయి బిళ్ళ అంచు దూరేటంత. అప్పటికప్పుడు సరుగుడు కర్రలు పోటు పెట్టించి ఇంజినీరు గారిని పిలిచాం. ఆయన చీలిక దగ్గర ఉలితో చెక్కించి చూపించారు. అయిదంగుళాల స్లాబులో పైనుంచి అంగుళం లోతులో ఉండాల్సిన రాడ్డు మూడున్నర అంగుళాల లోతులో దొరికింది. బాల్కనీతో పాటు లోపలి స్లాబు కూడా కొంత మేర కొట్టి మళ్ళీ వేయాలన్నారు.

ఇంజినీరు గారు "డ్రాయింగులో రాశాను, పై రాడ్లు, వాటిని ఎత్తి పట్టడానికి కింద కుర్చీలు" అన్నారు. నిజమే, రాసి ఉంది. మేస్త్రి "అవి పైనే ఎందుకుండాలో ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు బావూ" అన్నాడు. అదీ నిజమే అనిపించింది. నేను అడిగేది ఒక్కటే. ఆ ఎందుకో చెప్పడం ఎవరి పని? నాలాంటి కిరాణా కొట్టు వాడికి చెప్తే అర్థమవుతుందా?

సివిల్ విజయనగరం (స్ట్రక్చరల్ డిజైన్, 18 ఏళ్ళు):

మీ నష్టానికి బాధగా ఉంది. కానీ ఇంటి యజమానికి పాఠం చెప్పడం మంచిది కాదన్నది నా అనుభవం. ఎందుకో చెప్తాను.

ఒకాయన ఇంటికి డిజైన్ చేశాను. పిల్లర్లూ బీములూ ఉన్న ఫ్రేము ఇల్లు. గోడలు బరువు మోయవు, బరువంతా బీము మీదుగా పిల్లరుకి, పిల్లరు నుంచి పునాదికి దిగుతుంది, కావాలంటే లోపలి గోడ తీసేసి హాలు పెద్దది చేసుకోవచ్చు అని ఓపిగ్గా వివరించాను. ఆయనకి బాగా అర్థమైంది. రెండేళ్ళ తర్వాత వాళ్ళ అన్నగారి ఇంట్లో నడిమి గోడ కొట్టించాడు. అది పాత ఇల్లు. పిల్లర్లు లేవు, స్లాబు ఇటుక గోడల మీదే కూర్చుంది. సగం గోడ పోయేసరికి స్లాబు కిందికి జారడం మొదలైంది. కర్రలు నిలబెట్టి ఆపారు, ఎవరికీ ఏమీ కాలేదు. "మీరే కదా సార్ గోడ బరువు మోయదన్నారు" అని నన్ను అడిగారు.

అప్పటి నుంచి నేను డ్రాయింగ్ ఇస్తాను, స్లాబు రోజు సైటుకి వెళ్తాను, ఎందుకని అడిగితే "ఇలాగే చేయండి" అంటాను. మీ ఇంజినీరు చేసిన తప్పు వివరించకపోవడం కాదు. ఆ రోజు రాకపోవడం.

తాపీ పని 31 ఏళ్ళు (చీపురుపల్లి వైపు):

మా అమ్మాయి చేత రాయిస్తున్నాను. ఇంజినీరు గారూ, డ్రాయింగులో అంకెలు మాకు బాగానే తెలుస్తాయి. ఎనిమిది ఎం.ఎం. రాడ్డు, ఆరంగుళాలకొకటి, ఇన్ని అడుగుల పొడవు అని ఉంటే అలాగే కడతాం. పైన, కింద అన్న మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా ఉంటాయి, అవీ నేర్చుకున్నాం. తెలియనిది ఒక్కటే, ఏది తప్పితే ఏమవుతుందో. ఒక కాగితం మీద నలభై సంగతులుంటే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. రింగు అరంగుళం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది, బాల్కనీ రాడ్డు రెండంగుళాలు దిగితే ప్రాణం పోతుంది అని చెప్తే, ఆ రాడ్డు మీద నేను పిట్టను కూడా వాలనివ్వను.

ఇంకో మాట. కుర్చీలంటే ఇనప ముక్కలు వంచి పై రాడ్ల కింద పెట్టే పోట్లు. వాటికి ఇనుము కావాలంటే ఓనర్లు చాలామంది "అదెందుకు దండగ, ఇటుక ముక్క పెట్టు" అంటారు. కాలు పడితే ఇటుక ముక్క పగులుతుంది, రాడ్డు కింద పడుతుంది. ఓనరుకి ఎందుకో తెలియకపోతే నా మాట ఎలా వింటాడు?

లెక్కల టీచరు, బొబ్బిలి (రిటైర్డ్):

మేస్త్రి గారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఇది కష్టమైన విషయమేమీ కాదు. నేను తొమ్మిదో తరగతి పిల్లలకి కావడితో చెప్పేదాన్ని.

కావడి బద్ద భుజం మీద మధ్యలో ఆనుతుంది. రెండు చివర్లా కుండలు వేలాడతాయి. చివర్లు కిందికి వంగుతాయి, అంటే భుజం దగ్గర బద్ద పై ముఖం సాగుతోంది, కింది ముఖం నొక్కుకుపోతోంది. అందుకే కావడి విరిగితే ముందు పైనే చిట్లుతుంది. నమ్మకం కుదరకపోతే రబ్బరు మీద పెన్నుతో దగ్గర దగ్గరగా అడ్డగీతలు గీసి, మధ్యలో వేలి మీద ఆనించి రెండు చివర్లూ కిందికి వంచండి. పైన గీతలు ఎడమవుతాయి, కింద దగ్గరవుతాయి.

బాల్కనీ అంటే సగం కావడి. భుజం ఉన్న చోట ఇంటి గోడ. రెండో వైపు కుండ బదులు ఇంట్లోపలి స్లాబు బిగించి పట్టుకుంటుంది. కాంక్రీటు రాయి లాంటిది, నొక్కితే బాగా ఓర్చుకుంటుంది, సాగదీస్తే అందులో పదో వంతుకే చిట్లిపోతుంది. శ్రీముఖలింగం గుడి ఇన్ని శతాబ్దాలుగా నిలబడింది, రాయి మీద రాయి కూర్చుని ఒకదాన్నొకటి నొక్కుకునేలా కట్టారు కాబట్టి. మన బాల్కనీ అలా కాదు, గాలిలోకి చెయ్యి చాపినట్టు ఉంటుంది. సాగే చోట ఇనుము ఉండి తీరాలి. సాగేది పైన. రాడ్డు కిందికి పోతే, సాగే చోట ఇనుము లేదు, నొక్కుకునే చోట ఉంది. లేనట్టే లెక్క.

మామూలు గది స్లాబుకి ఇది తిరగబడుతుంది. రెండు వైపులా గోడలు, మధ్యలో బరువు. కింద సాగుతుంది, అందుకే అక్కడ రాడ్లు కింద. రోజూ గదుల స్లాబులు వేసే చేతికి రాడ్డు కింద ఉండడమే అలవాటు. బాల్కనీ దగ్గర తప్పు జరగడానికి సగం కారణం అదేనని నా అభిప్రాయం.

ఇంకొక్కటి. మూడడుగుల బాల్కనీని ఆరడుగులు చేస్తే బరువు రెట్టింపవుతుంది, ఆ బరువు గుంజే దూరం కూడా రెట్టింపవుతుంది. గోడ దగ్గర గుంజుడు నాలుగింతలు. "ఇంకో రెండడుగులు ముందుకి లాగించు" అని మేస్త్రికి సులువుగా చెప్పే ఓనరు ఈ లెక్క వినాలి. తప్పుంటే ఇంజినీరు గారు సరిదిద్దండి.

సివిల్ విజయనగరం:

అమ్మగారూ, ఒక్క అక్షరం తప్పు లేదు. నేను ఇంత బాగా చెప్పలేను.

అయినా నా భయం పోలేదు. అన్నీ కావడిలా సులువుగా అర్థం కావు. ఇనుము ఎంత ఎక్కువ వేస్తే అంత గట్టి అని ఊళ్ళో ప్రతివాడి నమ్మకం. అది నిజం కాదు. తగినంత ఇనుము ఉన్న బీము మీద బరువు మితిమీరితే ముందు ఇనుము సాగుతుంది. పగుళ్ళు వెడల్పవుతాయి, బీము వంగడం కంటికి కనిపిస్తుంది, ఇంట్లో వాళ్ళు బయటికి రావడానికి వ్యవధి దొరుకుతుంది. ఇనుము అతిగా కుక్కిన బీములో అది సాగకముందే పై కాంక్రీటు నలిగిపోతుంది. హెచ్చరిక ఉండదు. అందుకే ఐఎస్ 456 అనే మన కోడు (కాంక్రీటు పనుల నిబంధనల పుస్తకం) బీములో ఇనుముకి పై హద్దు కూడా పెట్టింది. ఇది యజమానికి చెప్తే ఆయన మనసులో మిగిలేది "ఇనుము తగ్గిస్తే మంచిదట" అన్న ముక్క. ఆ ముక్క పట్టుకుని పిల్లరులో నాలుగు రాడ్లు తగ్గిస్తే ఎవరు పూచీ?

లెక్కల టీచరు, బొబ్బిలి:

మీరు ఇప్పుడు చెప్పినట్టే చెప్పండి. "ఇల్లు పడాల్సి వస్తే ముందు చెప్పి పడాలి, ఇనుము అందుకు తూచి వేశాను, తగ్గించినా పెంచినా ఆ తూకం పోతుంది" అంటే కిరాణా కొట్టాయనకి అర్థం కాదా? ఆయన రోజంతా చేసేది తూకమే. మీరు చెప్పిన గోడ కథలో కూడా తప్పు చెప్పడంలో లేదు, ఆ మాట ఏ ఇంటికి చెల్లదో చెప్పకపోవడంలో ఉంది.

కవిటి కొబ్బరితోట:

నేను మేడల సంగతి మాట్లాడను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో అందరికీ తెలుసు. మా ఇంటి రేకులు పడలేదు, లేచిపోయాయి. ఆ రాత్రి దాకా మా నాన్నా నేనూ అనుకున్నది, గాలి తోస్తుంది కాబట్టి పైన బరువు పెడితే చాలని. రేకుల మీద ఇసుక బస్తాలు పెట్టాం. బస్తాలతో సహా పోయాయి.

తర్వాత సాయానికి వచ్చిన ఒక ఇంజినీరు కుర్రాడు మా అరుగు మీద కూర్చుని చిన్న కాగితం ముక్క తీసి, పెదవి కింద పట్టుకుని, దాని పైనుంచి ఊదాడు. కాగితం పైకి లేచింది. కప్పు మీదుగా వేగంగా పోయే గాలి కప్పుని పైకి లాగుతుందని, తలుపు విరిగితే లోపల చేరిన గాలి కింద నుంచి కూడా తోస్తుందని అప్పుడు తెలిసింది. మన తీరంలో కట్టేవి తట్టుకోవాల్సిన గాలి వేగం, గాలుల కోడు ప్రకారం, సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు అని కూడా అతనే చెప్పాడు. రేకు వాసానికి, వాసం గోడకి, గోడ పునాదికి, అన్నీ ఒకదానికొకటి కట్టి ఉండాలి, ఎక్కడ ముడి వదులైతే అక్కడ పోతుంది. వాసానికి వేసే హుక్కు బోల్టులు అంచుల దగ్గర మరింత దగ్గరగా వేయించుకున్నాను, ఎందుకంటే అంచుల్లోనే లాగుడు ఎక్కువ.

బోల్టులకి పెద్దగా ఖర్చు కాలేదు. ఆ కాగితం ముక్క మాకు పదేళ్ళ ముందు ఎవరైనా చూపించి ఉంటే! దీనికి పాఠం వద్దనే వాళ్ళు మా ఊరొచ్చి ఆ మాట అనండి.

కళింగపట్నం సైటు (సూపర్‌వైజరు):

బీచి దగ్గర పనిచేస్తాను కాబట్టి ఒక ముక్క. ఉప్పుగాలి తగిలే చోట కాంక్రీటు కోడు ఎం30 అనే గట్టి రకం కాంక్రీటు, రాడ్డు బయట 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు అడుగుతుంది. యజమానులు ఊళ్ళో లోపలి ఇంటిని చూసి "వాళ్ళకి చాలింది మనకెందుకు చాలదు" అంటారు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని లోపల నుంచి పెళ్ళగిస్తుంది అని పాత మేడ కింద నిలబెట్టి పెచ్చులూడిన స్లాబు చూపిస్తే మారుమాట్లాడరు. నేను చెప్పే పక్షమే.

తాపీ పని 31 ఏళ్ళు:

నీళ్ళ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. నీళ్ళు తగ్గించమని ప్రతి ఇంజినీరూ అంటాడు. మాల్ (కలిపిన కాంక్రీటు) గట్టిగా ఉంటే రాడ్ల సందుల్లోకి దిగదు, విప్పాక తేనెపట్టులా కన్నాలు. ఆ కన్నాలకీ మమ్మల్నే తిడతారు.

సివిల్ విజయనగరం:

మీ ఇబ్బంది న్యాయమైనది. ఎం20 రకం కాంక్రీటుకి కోడు హద్దు సిమెంటు బరువులో 0.55 వంతు నీళ్ళు. 50 కేజీల బస్తాకి 27 లీటర్ల చిల్లర. సిమెంటు గట్టిపడడానికి అందులో సగం చాలు, మిగతాది పోయడానికి వీలుగా. ఎక్కువైన నీళ్ళు ఆరిపోయాక వాటి చోటు ఖాళీగా మిగులుతుంది, బలం పోయేది అక్కడే. ఇసుక తడిగా ఉంటే ఆ నీళ్ళూ లెక్కలోకే వస్తాయి, వానాకాలం ఇంకా తగ్గించాలి. కానీ నీళ్ళు తగ్గించమని చెప్పి, కాంక్రీటుని అదిరించి సందుల్లోకి దింపే వైబ్రేటరు ఇవ్వకపోతే తప్పు మాదీ, యజమానిదీ. వైబ్రేటరు అద్దెకి తెప్పించమని నేను ఇకమీదట డ్రాయింగు మీదే రాస్తాను. ఎందుకో కూడా రాస్తాను, తెలుగులో.

పాఠం గురించి నా మాట కొంత మార్చుకుంటున్నాను. మేస్త్రికి చెప్పాలి, ప్రమాదమున్న మూడు నాలుగు చోట్లయినా చెప్పి తీరాలి. యజమానికి ఆయన ఇంటి వరకే. పక్కింటికి మోసుకెళ్ళే సూత్రాలు చెప్పను. ఈ విషయంలో టీచరమ్మ గారితో ఏకీభవించలేను.

నాగావళి గట్టు:

అందరికీ నమస్కారం. గురువారం బాల్కనీ మళ్ళీ వేశాం. ముందురోజు సాయంత్రం ఇక్కడి మాటలన్నీ మా మేస్త్రికి చదివి వినిపించాను. ఇంట్లో పాత కావడి బద్ద ఉంటే తెమ్మన్నాడు. భుజాన వేసుకుని రెండు చివర్లా నీళ్ళ బకెట్లు తగిలించి, పై ముఖాన్ని చేత్తో తడిమి చూశాడు చాలాసేపు. పొద్దున్నే రెండడుగులకొక కుర్చీ పెట్టించాడు, రాడ్లకి తగలకుండా ఎత్తు మీద పలకలు పరిపించాడు, పలక దిగి రాడ్డు మీద కాలు పెట్టిన కుర్రాణ్ణి అక్కణ్ణించి పంపేశాడు. ఇంజినీరు గారు కూడా వచ్చి పని అయ్యేదాకా ఉన్నారు.

ఒక సంగతి రాయాలి. ఈసారి సెంట్రింగ్ ఎటు నుంచి విప్పాలని ఇంజినీరు గారిని అడిగితే, బయట అంచు నుంచి మొదలుపెట్టి గోడ వైపు రమ్మన్నారు. నేను ఎందుకని అడిగేలోపే మా మేస్త్రి చెప్పాడు. "గోడ పక్క పోట్లు ముందు తీసేసి బయట పోట్లు ఉంచితే, అది కావడి కాదు బావూ, దూలం అయిపోతాది. రెండు కొసలా ఆని మధ్యలో కింద సాగుతాది. కింద మనం రాడ్డెయ్యలేదు కదా." ఇంజినీరు గారు ఆయన్ని అలాగే చూస్తూ, సరిగ్గా అదే అన్నారు.

ఇరవై ఎనిమిది రోజుల దాకా పోట్లు కదపొద్దన్నారు. రోజుకి మూడుసార్లు నీళ్ళు పడుతున్నాం. విప్పిన రోజు వచ్చి రాస్తాను.