సైనిక్‌పురిలో అద్దె ఇల్లు, పడకగది గోడకి చెమ్మ ఆగట్లేదు
జూన్‌లో సైనిక్‌పురిలో పాత ఇండిపెండెంట్ ఇంట్లో కింది పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. చుట్టూ చెట్లు, పిట్టల అరుపులు తప్ప చప్పుడే ఉండదు, వదులుకోవాలని లేదు. కానీ ఆగస్టు నుంచి పడకగది గోడకి కింద 2 అడుగుల మేర చెమ్మ ఎక్కి, పెయింట్ పొక్కులొచ్చి, చేత్తో తడిమితే తెల్లగా ఉప్పులాంటి పొడి రాలుతోంది. గోడ అవతలే మామిడి చెట్టు పాదు.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నల్లాలన్నీ కట్టేసి ట్యాంకులో నీటి మట్టం చూశాం, తగ్గలేదు. పాదుకి నీళ్లు ఆపి 3 వారాలైంది. ఓనర్ అంకుల్ పెచ్చులు గీకించి వాటర్‌ప్రూఫ్ పుట్టీ పెట్టించారు, 15 రోజులకే మళ్లీ పొక్కింది. పాపకి రాత్రుళ్లు దగ్గు, అదే టెన్షన్.

చెట్టు కొట్టించకుండా ఇలాంటి చెమ్మ ఆపిన వాళ్లు ఎవరైనా ఉంటే, ఏం చేయిస్తే తగ్గిందో చెప్తారా?