అప్‌డేట్: ఎదగని నా జూనిపర్ బోన్సాయ్ ఇప్పుడెలా ఉందంటే

రెండేళ్ల కిందట అడిగాను: బెంగళూరులో మా మేడ మీదున్న జూనిపర్ (దేవదారు లాంటి, ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు) ఎనిమిదేళ్లయినా ఎదగట్లేదు, క్రిస్మస్ చెట్టులా నిటారుగా, ఏ అందమూ లేకుండా ఉంది, ఏం చేయాలని. కత్తెర పట్టే ముందు కుండీలో మట్టి చూడమని ఒకరు చెప్పారు. ఆ మాటే చెట్టును బతికించింది.

బయటికి తీస్తే జిగట ఎర్రమట్టి ఇటుకలా బిగుసుకుపోయి ఉంది. లోపలి వేళ్లు నల్లబడ్డాయి, చేత్తో నలిపితే వాటి తొక్క ఊడి వచ్చింది. ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), జల్లించిన ఇటుక ముక్కలు, కొంచెం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపి, కాస్త ఏటవాలుగా నాటాను. ఆ తర్వాత ఏడాదిపాటు ఒక్క కొమ్మా ముట్టుకోలేదు. వేళ్లు, కొమ్మలు ఒకేసారి కోస్తే తట్టుకోవడం కష్టం. పైగా జూనిపర్ చచ్చిపోయినా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది, అందుకే రోజూ టెన్షనే. కొసల్లో లేత చిగుళ్లు చూశాకే ఊపిరి పీల్చుకున్నాను.

మొన్న జనవరిలో రీస్టైల్ చేశాను. పైభాగాన్ని కొట్టేయకుండా బెరడు ఒలిచి జిన్ (ఎండిన మోడులా కనిపించే భాగం) చేశాను. పట్టకారుతో పీచు పీచుగా లాగుతుంటే వచ్చిన ఆ చెక్క వాసన ఇంకా మర్చిపోలేదు. కింది కొమ్మకు అల్యూమినియం తీగ చుట్టి నెమ్మదిగా దించాను. ఉంచిన ప్రతి కొమ్మకూ కొంత పచ్చదనం వదిలాను, ఎందుకంటే ఆకులేని పాత కొమ్మ మళ్లీ చిగురించదు.

ఇప్పుడు అక్కడక్కడా మామూలు ఆకులకు బదులు సూదుల్లాంటి ఆకులొస్తున్నాయి. గట్టిగా కత్తిరిస్తే అలాగే వస్తాయి కాబట్టి కంగారు లేదు. తీగ బెరడులోకి దిగుతోందేమోనని వారానికోసారి చూస్తున్నాను. ఎడమవైపు కొమ్మ ఉంచాలో తీయాలో వచ్చే చలికాలం చూస్తాను.