సద్దుల బతుకమ్మ ఫుడ్ కౌంటర్: గంటెకు ఎన్ని కార్బ్స్? వాలంటీర్ల థ్రెడ్

హనుమకొండ అక్క:
అందరికీ నమస్తే. నేనింకా హనుమకొండలో అమ్మ దగ్గరే ఉన్నా, వచ్చే ఆదివారం యూకే తిరిగొస్తా. ఈసారి అక్కడ మనం చేసే బతుకమ్మ పండుగ ఫుడ్ కౌంటర్లో ప్రతి వంటకం ముందు, గంటెకు ఎన్ని గ్రాముల కార్బోహైడ్రేట్ ఉందో రాసిన కార్డు పెట్టే పని నేను తీసుకుంటున్నా. ఎందుకో కొత్తగా చేరినవాళ్లకు చెప్పాలి.

మా పాపకు తొమ్మిదేళ్లు, టైప్ 1 డయాబెటిస్. తినబోయే దాంట్లో ఎన్ని కార్బ్స్ ఉన్నాయో లెక్కేసి, తినేముందే దానికి తగిన ఇన్సులిన్ తీసుకోవాలి. పోయినేడు మన పండుగలో ప్లేటు నిండా పులిహోర, పెరుగన్నం, రెండు సత్తు ముద్దలు పెట్టించుకుని సంబరంగా వచ్చింది. నాకు లెక్క అందలేదు. ఫోన్లో వెతుకుతూ కూర్చుంటే పక్కనున్న పిల్లలంతా తిని లేచిపోయారు, ఇది ప్లేటు ఒళ్లో పెట్టుకుని నా మొహం చూస్తూ ఉంది. చివరికి అందాజుగా ఇన్సులిన్ ఇచ్చా. ఎక్కువైంది. మూడో పాటకు చెమటలు పట్టి, వణికే చేతులతో నా దగ్గరికొచ్చింది. షుగర్ 3.1 mmol/Lకు పడిపోయింది (ఇండియా లెక్కలో 56 mg/dL). జ్యూస్ తాగించాక తేరుకుంది, కానీ మళ్లీ బతుకమ్మ చుట్టూ తిరగలేదు.

అందుకే ఈ సెలవుల్లో అమ్మతో మన మెనూ మొత్తం ఇంట్లో చేయించి తూకం వేస్తున్నా. పద్ధతి కష్టమేం కాదు. వండకముందు ప్రతి సరుకూ తూయాలి, వాటి కార్బ్స్ కలపాలి, వండాక మొత్తం ఎంత తూగిందో చూసి భాగించాలి. సరుకుల లెక్కకు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు వాడా. 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాములు, జొన్నల్లో 68, గోధుమపిండిలో 64, బెల్లంలో 85. ఇవి పీచు తీసేసిన లెక్కలు, యూకే ప్యాకెట్ల మీద ఉండేదీ అలాంటి లెక్కే. అమెరికా లేబుళ్ల మీది మొత్తంలో పీచు కూడా కలిసి ఉంటుంది, కాబట్టి అక్కడి వెబ్‌సైట్ల అంకెలు కార్డుల్లో కలపకండి.

మొన్న పావుకిలో బియ్యంతో పులిహోర చేశాం. చింతపండు, పల్లీలు, నూనె అన్నీ పడ్డాక 830 గ్రాములు తూగింది. కార్బ్స్ మొత్తం 220. అంటే 150 గ్రాముల గంటెకు 40. అదే పావుకిలో బియ్యం మెత్తగా వండి అరకిలో పెరుగు కలిపితే 1,400 గ్రాముల పెరుగన్నం అయింది. అదే గంటెకు 23! పోయినేడు నేను రెండింటినీ ఒకే లెక్క వేశా, తప్పు అక్కడే జరిగింది.

అసలు తిప్పలు సత్తు ముద్దలతో. పావుకిలో నువ్వులు, పావుకిలో బెల్లం. నువ్వుల్లో పీచు పోను కార్బ్స్ తక్కువే, దాదాపు అంతా బెల్లానిదే. 100 గ్రాములకు 48 వచ్చింది. అమ్మ ముద్దలు చుడుతుంటే ఒక్కోటి తీసి స్కేల్ మీద పెట్టా. ఒకటి 22 గ్రాములు, ఇంకోటి 38. అంటే ఒకదాంట్లో 11 కార్బ్స్, ఇంకోదాంట్లో 18. "గింత మురిపెంగ చేసిన ముద్దను తూకమేస్తవా బిడ్డా?" అని అమ్మ మొదట చిన్నబుచ్చుకుంది. మనవరాలి కోసమని చెప్పాక చెయ్యి కడుక్కుని మళ్లీ కూర్చుంది. నాలుగో ముద్ద నుంచి చూడకుండానే 25 గ్రాములు చుడుతోంది. ముద్దకు 12 కార్బ్స్.

మలీద (గోధుమ రొట్టె, బెల్లం కలిపి నలిపి చేసేది) కూడా చూశాం, 40 గ్రాముల ముద్దకు 21.

పరకాల వదిన (వంటలు):
చదువుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పోయినేడు పెరుగన్నం వడ్డించింది నేనే, నాకు తెలియనే లేదు. షుగర్ ఉన్న పిల్లలకు విడిగా ఏమన్నా చేద్దామా? బెల్లం లేకుండా?

హనుమకొండ అక్క:
వద్దు వదినా. అందరికీ పెట్టిందే దానికీ పెట్టండి. లెక్క తెలిస్తే ముద్ద తిననివ్వడానికి నాకేం భయం లేదు. నాకు కావాల్సింది మూడే. పులిహోర ఐదిళ్లలో ఐదు రకాలుగా కాకుండా మీరొక్కరే చేయాలి, సరుకుల తూకం రాసి పెట్టాలి. ఒక్కో గిన్నెలో ఒకే గంటె ఉండాలి, అంచుదాకా నింపి గీసేయాలి. గోపురంలా పెడితే 150 కాస్తా 200 అవుతుంది, కార్డు అబద్ధమవుతుంది. ముద్దలన్నీ 25 గ్రాములే. కార్డు మీద నువ్వులు, పల్లీలు ఉన్నాయని కూడా పెద్దక్షరాలతో రాయిస్తా, అవి పడని పిల్లలు యూకేలో చాలామంది ఉన్నారు.

హుజూరాబాద్ అన్న (హాల్, సామాన్లు):
మంచి పని చెల్లె. ఒక్క డౌట్. మా నాయినకు షుగర్, గోలీలు వేసుకుంటడు. జొన్నరొట్టె పెడుతున్నం కదా, దానికి కార్డు అక్కర్లేదేమో?

హనుమకొండ అక్క:
జొన్నరొట్టెకే ముందు పెట్టాలి అన్నా. దాంతో షుగర్ పెరగదని ఇక్కడా అందరి నమ్మకం, అన్నం మానేసి రాత్రి మూడు రొట్టెలు తింటారు. 60 గ్రాముల పిండితో చేసిన ఒక్క రొట్టెలో 41 కార్బ్స్, గంటెడు పులిహోరతో సమానం. పీచు ఎక్కువ, అది మంచిదే. కానీ మూడు తింటే 120 దాటుతుంది. బాపు ఎంత తినాలో ఆయన డాక్టర్ చెప్తారు, అంకె మాత్రం మనం కళ్లముందు పెడదాం. రొట్టె, గుడాలు (గుగ్గిళ్లు), కూర కలిపి పెడితే ఒక్క రొట్టెతోనే కడుపు నిండుతుంది.

ఇంకో పని మీకే అన్నా. రెండు గంటలు చప్పట్లు కొడుతూ తిరిగితే ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు షుగర్ పడిపోవచ్చు. బతుకమ్మలు పెట్టే చోట పక్కనే ఒక టేబుల్ కావాలి, దాని మీద ఆరెంజ్ జ్యూస్, 150 ఎంఎల్ కప్పులు. ఒక కప్పులో సుమారు 15 గ్రాముల చక్కెర. షుగర్ 4 mmol/L (72 mg/dL) కన్నా తగ్గితే అది తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. కంగారులో లడ్డూ తినిపించకండి, నెయ్యి వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. డైట్ డ్రింకులు అసలే వద్దు, వాటిలో చక్కెరే ఉండదు. ఎవరైనా స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 999కు ఫోన్ చేయాలి. ఆ టేబుల్ దగ్గర ఒకరు కదలకుండా ఉండాలి.

జగిత్యాల తమ్ముడు (ప్రింటింగ్):
అక్కా, ఆ టేబుల్ దగ్గర నేనుంటా. కార్డులు ఏ సైజు?

హనుమకొండ అక్క:
అరచెయ్యంత. పైన పేరు, మధ్యలో అంకె, కింద "నిండు గంటెకు" లేదా "ఒక్క ముద్దకు". పిల్లలు చదువుకునేలా ఇంగ్లిష్‌లో కూడా. కొబ్బరన్నం, నువ్వులన్నం లెక్కలు రేపు పొద్దున పెడతా, అమ్మ ఇప్పుడే కొబ్బరి తురుముతోంది.

పరకాల వదిన:
నా స్కేల్‌కు కొత్త బ్యాటరీ వేశా. నువ్వొచ్చాక శనివారం మా ఇంట్లో ముద్దలు చుడదాం, పాపను కూడా తీసుకురా. తూకం వేసే పని దానికే ఇద్దాం.