ఆరు వారాల పాప: రాత్రి నిద్ర ఎలా పంచుకోవాలి?

ప్రశ్న: గాజువాకలో ఉంటాం. పాప రెండు గంటలకోసారి లేస్తోంది. ఆయనకి ఉదయం ఆరింటికి షిఫ్టు. ఇద్దరికీ నిద్ర ఎలా?

జవాబు 1: రాత్రిని రెండు ముక్కలు చెయ్యండమ్మా. ఎనిమిదింటికి పాలిచ్చి వేరే గదిలో పడుకోండి. పన్నెండు దాకా పాప ఆయనది, పిండిన పాలు ఆయనే పట్టాలి. తర్వాత అయిదు దాకా ఆయన పడుకుంటారు. తునకలు తునకలుగా ఆరు గంటలకన్నా ఏకధాటిగా నాలుగు గంటలు మేలు. మధ్యలో రొమ్ము గట్టిపడితే కాస్త పిండేయండి.

జవాబు 2: పిండిన పాలు బయట 4 గంటలు నిలవుంటాయనేది 25 డిగ్రీల లెక్క. మన వైజాగ్ ఉక్కలో వెంటనే ఫ్రిజ్‌లో, లోపలి అరలో పెట్టండి, తలుపులో వద్దు. 4 రోజులుంటాయి. సీసాను వేడినీళ్ల గిన్నెలో ఉంచి గోరువెచ్చన చెయ్యండి.

జవాబు 3: ఒక్కటి మాత్రం మరవకండి. కునుకు వస్తుంటే సోఫాలో కూర్చుని పాలివ్వొద్దు. చెయ్యి సడలితే పాప మెత్తల సందులో ఇరుక్కుని ఊపిరాడదు. పాప పడుకున్నా మీకు నిద్ర పట్టక, దిగులు రెండు వారాలు దాటితే డాక్టరుకి చెప్పండి.