పాత మిఖాయేలు మీద తర్వాత వేసిన రంగు గీకెయ్యాలా, ఉంచెయ్యాలా?

చెక్కముక్క:
ఆఫీసు పనిమీద ఈక్వడార్ వెళ్లి, ఖాళీ దొరికిన ఒక పూట క్విటోలో ఓ మ్యూజియంలో దూరాను. అక్కడ క్రైస్తవుల దేవదూత మిఖాయేలు చెక్క బొమ్మ ఉంది, 18వ శతాబ్దానిది. మూరెడు ఎత్తు, కాళ్ల కింద సైతాను, పైకెత్తిన చేతిలో కత్తి పోయి చిల్లు మిగిలింది. బట్ట అంచు అరిగిన చోట పొరలన్నీ కనిపిస్తున్నాయి: చెక్క మీద తెల్ల సుద్ద, దానిపైన ఎర్రమట్టి, బంగారు రేకు, ఆపైన నీలం. ఆ నీలాన్ని మొనదేలిన పుల్లతో గీకి కింది బంగారాన్ని పువ్వుల్లా బయటికి తెచ్చారు. ఎస్తోఫాదో అంటారు. ముఖం పని వేరు, రంగు వేశాక గొర్రె మూత్రాశయంతో రుద్ది చర్మంలా నిగనిగలాడించేవాళ్లు. ఇంత పని మీద ఎవరో తర్వాతి కాలంలో గులాబీ పెయింటు మెత్తేశారు! మ్యూజియం వాళ్లు చెంప మీద గోరంత గీకి వదిలేశారు. మొత్తం గీకెయ్యాలని నా వాదన.

రాత్రిడ్యూటీ:
గొర్రె మూత్రాశయమా, బాబోయ్

తేరుపండుగ:
ముందు ‘బొమ్మ’ అనడం మానండి. స్వరూపం అంటాం మేము. గుంటూరు వైపు మా విచారణ (పారిష్) గుడిలో కూడా అతిదూత మిఖాయేలు స్వరూపం ఉండేది, తేరుకు ముందు చందాలు వేసుకుని రంగు వేయించేవాళ్లం. మెత్తడమేంటండీ, అది భక్తి.

చెక్కముక్క:
బొమ్మ అంటే చిన్నచూపు ఎక్కడుంది? మాది కొండపల్లి. మా ఇంట్లో దశావతారాలు కూడా బొమ్మలే.

తేరుపండుగ:
మీ ఇంట్లో మీ ఇష్టం.

నాలుగోపేజీ:
ఆ బోర్డు మీద ‘స్పానిష్ కళ’ అని ఉండే ఉంటుంది, నాకు అసలు చిరాకు అక్కడ. క్విటోలో పేరు మోసిన శిల్పి కాస్పికారా అక్కడి ఆదివాసి, అసలు పేరు మాన్యుయెల్ చిలి. పరాగ్వే వైపు జెస్యూట్ పాద్రీల ఊళ్లలో ఉలి పట్టింది గ్వారానీలు, అక్కడి ఆదివాసులు. పేరు స్పెయిన్‌ది, చెయ్యి వీళ్లది. ఇక రంగు సంగతి: పైపొర కూడా చరిత్రే, గీకాక తిరిగి అతికించలేం. అందుకే గోరంతతో ఆపి ఉంటారు.

చెక్కముక్క:
పైపొర చరిత్ర అయితే పాన్ మరక కూడా చరిత్రే. ‘బొమ్మ’ అన్నందుకు ఇంకా ఎవరైనా కేసు వేస్తారా?

నాలుగోపేజీ:
వెటకారం వద్దు. బ్రెజిల్‌లో సావొ మిగెల్ చూడండి. అది కూడా గ్వారానీల ఊరే, మిఖాయేలు పేరు మీదే. 1767లో స్పెయిన్ రాజు జెస్యూట్లను తరిమేయమని ఆజ్ఞ ఇచ్చాక ఆ గుళ్లు పాడుపడ్డాయి. 1940లో అక్కడ మ్యూజియం పెట్టి, చుట్టుపక్కల ఇళ్లలో, చిన్న గుళ్లలో మిగిలిన చెక్క శిల్పాలు సేకరించారు. లేకపోతే చెదలకు పోయేవి.

తేరుపండుగ:
ఇళ్లలోంచి ‘సేకరించారు’ అని ఎంత తేలిగ్గా అనేశారు! ఆ ఇళ్లలో తరతరాలుగా దాని ముందు కొవ్వొత్తి వెలిగించినవాళ్లు ఏమైనట్టు? 2016లో సుడిగాలి వచ్చి ఆ మ్యూజియంలోనే శిల్పాలు దెబ్బతిన్నాయిగా. మా స్వరూపం కూడా ఇలాగే ‘బాగుచేస్తాం’ అని పట్నం తీసుకెళ్లారు. తిరిగి రాలేదు. ఇప్పుడు అద్దాల బీరువాలో ఉంది. మా అమ్మమ్మ బస్సెక్కి చూడ్డానికి వెళ్లి, అలవాటు కొద్దీ పాదాలు ముట్టుకోబోతే అద్దానికి చెయ్యి తగిలింది. ‘తాకొద్దు’ అని ఒక కుర్రాడు అరిచాడట. ఆమె చిన్నప్పుడు ఆ పాదాలకు రంగు వేసింది వాళ్ల నాన్నే. మీరు గీకెయ్యమనేది ఆ రంగునే. ఇప్పుడు చెప్పండి, స్వరూపమా, బొమ్మా?

రాత్రిడ్యూటీ:
చెక్క అన్న ఇక మాట్లాడడు

చెక్కముక్క:
మాట్లాడతాను. మా తాత పక్క ఊరి గుడికి గరుడ వాహనం చెక్కాడు. రెండు వర్షాకాలాలు పట్టింది. ఈకలు ఒక్కొక్కటీ వేరేగా చెక్కి, చింతగింజల మక్కుతో అతికించి, ఒక్కో ఈక అంచు వేలికి తెలిసేలా తీశాడు. పదేళ్ల తర్వాత పండక్కి వెళ్తే దానిమీద మూడు పూతలు ఎనామిల్ పెయింటు. ఈకల గీతలన్నీ పూడిపోయి రెక్క తలుపు చెక్కలా ఉంది. తాత చేత్తో తడిమి, ‘ఇది నాది కాదేమోరా’ అన్నాడు. ఆ రంగు కూడా చందాలతో భక్తిగా వేసిందే. మీరంతా ఎవరు మొక్కారో అడుగుతున్నారు, నేను ఎవరు చెక్కారో అడుగుతున్నాను.

నాలుగోపేజీ:
ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది.

తేరుపండుగ:
బాధపెట్టి ఉంటే ఏమనుకోకండి. కానీ ఒకటి అడుగుతాను. గరుడ వాహనం మీ తాతగారు ఊరికి ఇచ్చేశారా, లేదా? ఇచ్చేశాక అది వాళ్లదే కదండీ.

చెక్కముక్క:
ఇచ్చాడు. కూలి మాత్రం సగమే ముట్టింది.